ఏడో రూలు

మంగళవారం, రాత్రి

తొమ్మిది చదివే మా రేవతి ఇంగ్లీషు క్లాసు రూల్సు కాగితం తెచ్చింది. నాన్న సంతకం కావాలట. అంతా ఇంగ్లీషే. ఐదుతో బడి మానేసినవాణ్ణి, "నువ్వే చదివి చెప్పు పాపా" అన్నాను.

"క్లాసులో ఇంగ్లీషే మాట్లాడాల. నోటుబుక్కు మరిసిపోకూడదు..." అంటూ ఒక్కొక్కటే చెప్పింది. "ఏడోది, ఇంట్లో బిడ్డ ఇంగ్లీషు మాట్లాడితే ఎవురూ ఎక్కిరించకూడదు."

"మీ టీచరమ్మకి నా సంగతి ఎట్ల తెలిసిపోయిందే?" అని నవ్వాను.

అది నవ్వలేదు. "సంతకం పెట్టు నాయనా."

పెట్టాక కాగితం మీద రూల్సు ముందుండే అంకెలు చూశాను. ఆరే ఉన్నాయి.

మొన్న మామిడికాయల లోడు దించేవాళ్ల ముందు దాని ఇంగ్లీషును ముక్కుతో పలికి అందర్నీ నవ్వించాను. అదీ నవ్విందనే అనుకున్నాను. ఆ రోజు నుంచి ఇంట్లో ఒక్క ఇంగ్లీషు ముక్క వినపడలేదు.

ఇప్పుడు నన్నే ఆట పట్టించిందా? నా కూతురే కదా, పట్టించగలదు. కానీ నేనెవర్నైనా ఆట పట్టిస్తే వాళ్ల మొహం చూడకుండా ఉండలేను. అది నా మొహమే చూడలేదు, సంతకం అయ్యేదాకా పెన్నునే చూసింది.

అడగాలా, తెలియనట్టే ఉండాలా? సంతకమైతే పెట్టేశాను. రేపు నా ముందు ఇంగ్లీషులో ఒక్క మాటైనా అంటుందో లేదో...