గనిలోకి గాలి పంపే పని

గిలకలదిండిలో ఉన్న మంగక్కకి తమ్ముడు నాగరాజు నమస్కారాలు.

నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు. ఈ కొండల్లో పొద్దెక్కినా మంచు విడవదు. చేప అన్నది కంటికి కనబడదు.

ఇక్కడ నాకు మొదట ఇచ్చిన పని గనిలోకి గాలి పంపడం. గని అంటే నుయ్యి లాంటి గొయ్యి, ముప్పై బారల లోతు. అడుగున బిసు అనే ఒడిశా అతను రంగురాళ్లు తవ్వేవాడు. తెలుగు బాగానే మాట్లాడేవాడు. పైన నేను చెక్కపెట్టెలోని పంఖాని చేత్తో తిప్పుతుంటే, గాలి గుడ్డ గొట్టంలోంచి అతని దగ్గరికి దిగేది. ఇంజను పెడితే పొగంతా లోపలికే పోయిందట. అందుకని పూర్వకాలపు పద్ధతే మేలన్నాడు మేస్త్రి.

తిప్పీ తిప్పీ నా చేతులు బొబ్బలెక్కాయి. అందుకని టార్పాలిన్‌ని మన పడవ తెరచాపలా కుట్టి, గాలివాటు చూసి గొయ్యి మీద కట్టాను. కొండగాలి దానికి తగిలి లోపలికి మళ్లింది. ఆ రోజు బిసు పైకొచ్చి, "తలనొప్పి లేదన్నా ఇవాళ" అన్నాడు. ఆ సంతోషంలోనే ఇక్కడ పని బాగుందని మీకు ఫోన్లో రాశాను.

పోయిన మంగళవారం పంఖా పిడి విరిగింది. వెంటనే తెరచాప ఎత్తాను. ఆకు కదిలేంత గాలి కూడా లేదు. బిసు నడుముకి కట్టిన తాడు లాగి చూశాను. బదులు లేదు. గొట్టం మూతికి నోరు పెట్టి ఊదాను అక్కా. ముప్పై బారల కిందికి నా ఊపిరి ఎక్కడ చేరుతుంది? నలుగురం కలిసి అతన్ని పైకి లాగాం. కళ్లు తెరిచే ఉన్నాయి. ప్రాణం లేదు.

మేస్త్రి శవాన్ని జీపులో పంపించేసి, మా ఫోన్లన్నీ తీసేసుకున్నాడు. "పిడి మార్పించాను. రేపట్నుంచి కిందికి నువ్వు దిగు" అన్నాడు. కాదనలేకపోయాను. నాలుగు రోజులుగా దిగుతున్నాను. పైన ఎవరు తిప్పుతున్నారో కనబడదు. గొట్టం దగ్గర చెయ్యి పెట్టి గాలి వస్తోందా అని చూసుకుంటూ తవ్వుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. పంఖా తిప్పడానికి నీ మరిది రాంబాబుని రమ్మని, నా ఫోన్లోంచి నేను పెట్టినట్టే తను మెసేజి పెట్టానని మేస్త్రి నిన్న చెప్పాడు. అది నా మాట కాదు. బావగారితో చెప్పి ఆయన తమ్ముణ్ణి ఆపించు. సరుకుల జీపు డ్రైవరు ఈ ఉత్తరం పోస్టులో వేస్తానన్నాడు గానీ, ఫోన్ చెయ్యడానికి భయపడ్డాడు. ఇది మీకు చేరడానికి వారం పడుతుంది. రాంబాబు రైలెక్కడానికి ఒక్క రోజు చాలు.

అమ్మకి ఇది చదివి వినిపించకు. బావగారికి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. మీ అందరి దీవెనలూ నాకు కావాలి.

నీ తమ్ముడు
నాగరాజు