పిడుదుకు రాసిన అభిషేక తైలం

అక్టోబరు 3, 1996

ప్రియమైన ఆల్డెన్,

ముప్పై ఏళ్ల స్నేహంలో నేను సోమరిగా కూర్చోవడం ఒక్కసారైనా చూశావా? చూసి ఉంటే ఈ ఉత్తరం ఇక్కడే మడిచి పొయ్యిలో పెట్టు.

రెండేళ్లుగా మోకాళ్లు ఉబ్బుతాయి, తగ్గుతాయి, మళ్లీ ఉబ్బుతాయి. చొక్కా బొత్తాలు మా అక్క పెడుతోంది. చేతిలోంచి సుత్తి జారిపోతోంది. అదంతా భరిస్తాను. మొన్న ఆదివారం చర్చిలో బోధించే వేదిక మీద, ఆరేళ్ల వయసు నుంచి కంఠతా వచ్చిన కాపరి కీర్తన సగంలో మాయమైంది. మిగతాది సంఘమే మెల్లగా చెప్పి ముగించింది. ఆ జాలి నాకు చెంపదెబ్బలా తగిలింది.

డాక్టరు "మనసులో దిగులు" అన్నాడు. సంఘపెద్ద ఫిలో, "క్రిస్మస్‌కి వేరే బోధకుణ్ణి చూస్తాంలే ఓరిన్, నువ్వు విశ్రాంతి తీసుకో" అన్నాడు. బైబిల్లో యోబును ఓదార్చ వచ్చి దెప్పిపొడిచిన మిత్రులు కూడా ఇంత తియ్యగా మాట్లాడలేదు. మేకులు పోసే చెక్క పీపా ఒకటి తెచ్చి వేదిక మీద వేసుకున్నాను. కూర్చునే బోధిస్తాను. దించాలంటే పీపాతో సహా దించమను.

నీ
ఓరిన్


అక్టోబరు 19

ప్రియమైన మొండిఘటమా,

నువ్వు సోమరివైతే సముద్రం ఎండిపోయినట్టే. నీ ఉత్తరం చదివి వినిపిస్తుంటే మా ఆవిడ థెల్మా వలలు కుట్టడం ఆపి, "ఆయన్ని ఎప్పుడైనా పిడుదు కుట్టిందేమో అడుగు" అంది. అడగడమెందుకు, నేను పక్కనే ఉన్నాగా. తొంభై నాలుగు మే నెలలో ఒక శనివారం మీ చర్చి శ్మశానంలో గడ్డి కోశాం. ఆదివారం ఆరాధనయ్యాక చూసుకుంటే ఇద్దరి పిక్కలకూ రక్తం తాగుతూ చెరొకటి. రోగుల నుదుట రాసే తైలం సీసా తీసి, "లాగకు, అభిషేకిస్తే అదే వదులుతుంది" అన్నావు. సోమవారం దాకా వదిలితే ఒట్టు. ఆ నూనెతో చేపలు వేయించుకున్నా బాగుండేది.

సముద్రంలోంచి బోనులు లాగి లాగి నా కుడి మోకాలు మొరాయిస్తోంది. వయసు.

ఉంటాను,
ఆల్డెన్


డిసెంబరు 8

ప్రియమైన ఆల్డెన్,

థెల్మాను దేవుడు దీవించు గాక. రక్తపరీక్ష అడగడానికి వెళ్లాను. డాక్టరు పాత కాగితం తీసి, "పిడుదు కుట్టిందని మీరొస్తే ఆ వేసవిలోనే చేశాం కదండీ, ఏమీ లేదు" అన్నాడు. తేదీ చూశాను. గడ్డి కోసిన ఆరో రోజు.

"ఆరో రోజున పొలం చూసి, మొలక లేదు కాబట్టి విత్తనమే లేదంటారా?" అన్నాను.

నర్సు నవ్వు దాచుకుని, "అంత తొందరగా చేస్తే బయటపడకపోవచ్చండీ" అంది.

డాక్టరు మాత్రం మళ్లీ పరీక్ష అవసరం లేదన్నాడు. అన్యాయపు న్యాయాధిపతి గుమ్మం వదలని విధవరాలిని తలచుకుని నేను కుర్చీ వదల్లేదు. మూడు గంటల తర్వాత ఆయనే విసిగి రక్తం తీయించాడు. ఫలితం వచ్చింది, పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బట. రెండున్నరేళ్లుగా నా ఒంట్లో కాపురం పెట్టింది. నాలుగు వారాలు మాత్రలు. పీపా కదలదని ఫిలోకు చెప్పేశాను.

నీ
ఓరిన్


మార్చి 14

ప్రియమైన ఓరిన్,

ఈసారి గడ్డి కోతకు నా కోసం చూడకు. మోకాలు గుమ్మడికాయైంది. నెల్లాళ్లు తగ్గి మళ్లీ వచ్చింది. పడవలోకి దిగలేక దాన్ని అమ్మకానికి పెట్టాను. థెల్మా పోరు చాలు, నువ్వు మొదలెట్టకు. యాభై ఎనిమిదేళ్ల మోకాలు ఉబ్బక ఏం చేస్తుంది?

ఆల్డెన్


మార్చి 24

ప్రియమైన ఆల్డెన్,

మొదలెడుతున్నాను.

నా మోకాళ్ల వాపు దిగింది. రెండు వేళ్లు ఇంకా తిమ్మిరే. మధ్యాహ్నానికి ఒళ్లు సోలిపోతుంది. దేవునితో పెనుగులాడిన యాకోబు కుంటుతూనే నడిచాడు, నేనూ నడుస్తాను. నిన్న కాపరి కీర్తన ఒక్క మాట పోకుండా నిలబడి చెప్పాను. ఫిలో ముక్కు చీదుకున్నాడు.

తర్వాత సంఘం ఎదుట ఒప్పుకున్నాను. రోగికి తైలం రాయమంది లేఖనం. పిడుదుకు రాయమన్నది నేను. ఇప్పుడు సీసా పక్కన పట్టకారు పెట్టాను, చర్మానికి ఆనించి పట్టి వెంటనే లాగేయడానికి.

కాని నా తప్పు నీ కాలికి కూడా అంటుకుంది, ఆల్డెన్. అదే గడ్డి, అదే ఆదివారం, అదే సీసా. అది వయసో కాదో రక్తం చెప్పాలి, నువ్వు కాదు.

దిగితే జబ్బు నయమయ్యే బేతెస్ద కోనేటి పక్కన ఒకడు తనను నీళ్లలోకి దింపేవాళ్లు లేక ముప్పై ఎనిమిదేళ్లు పడి ఉన్నాడు. నీకు థెల్మా ఉంది, నేనున్నాను. పడవకు తగిలించిన అమ్మకపు అట్ట పీకేయి. మీ ద్వీపం నుంచి రెండు గంటలకు లాంచీ ఉంది. నువ్వు దిగేదాకా రోజూ ఆ వేళకు రేవులో నా బండి ఉంటుంది. ఆసుపత్రిలో పక్క కుర్చీ నాది. మనిద్దరినీ లేపడం వాళ్ల తరం కాదు. టోపీ పెట్టుకో, థెల్మా చెయ్యి పట్టుకో, ఇవాళే లాంచీ ఎక్కు.

రేవులో ఉంటాను,
ఓరిన్