చేతులు ఎవరు పట్టుకుంటారు?

మార్చి 9, ఆదివారం ఉదయం

పూజ్యురాలైన అక్కయ్యకు,

తమ్ముడు నమస్కరించి చెప్పుకునే సంగతులు. నేను బాగున్నాను. చంటి కూడా బాగున్నాడని రాయలేను, అందుకే ఈ ఉత్తరం. బావగారికి నా నమస్కారాలు చెప్పు. కింద రాసింది చదివాక చెప్పినా పరవాలేదు.

ఫోనుండగా ఉత్తరం ఏమిటని నవ్వుకోకు. ఫోనులో నా వంతు కూడా నువ్వే మాట్లాడేస్తావు. నన్ను బెల్లంకొట్టిన రాయి అన్నది నువ్వే కదా. ఆ రాయి కాగితం మీదైతే కాస్త కదులుతుంది.

మొన్న నువ్వు, "పంటి డాక్టర్ని వెతుకుతున్నావా, పిల్లకి సంబంధం చూస్తున్నావా? ముప్పై ఆరేళ్ల నీ తమ్ముడికి ఒక పన్ను పీకించడానికి నెల్రోజులా?" అన్నావు. నెల కాదు, ఇరవై ఆరు రోజులు. నా రోజు పుస్తకంలో ఉంది. ఏ భవనంలో ఏ లిఫ్టు బాగుచేశానో రాసుకునే పేజీలోనే, కింద, చంటి తిండి సంగతీ రాస్తానని నీకు తెలుసు. ఫిబ్రవరి 11న "ఎడమవైపే నములుతున్నాడు" అని ఉంది. 19న "మెత్తగా పిసికి పెడితే మింగాడు." 27న "పాలు తప్ప ఏమీ లేదు. చెంప గోడకేసి కొట్టుకున్నాడు." నొప్పి అని చెప్పలేనివాడికి ఆ పుస్తకమే నోరు. వాడి బెల్టుకు రెండు కొత్త బెజ్జాలు పొడిచాను. ఇంక ఆలస్యం కుదరదని నాకూ తెలుసు.

ముగ్గురు డాక్టర్లను చూశాను. నాకు పెద్ద చదువు లేదు, లిఫ్టు పని చూసి చూసి నేర్చుకున్నవాణ్ణి. ఆ పనిలో నాకు తెలిసిన నియమం ఒకటుంది. లోపల చేతులు పెట్టినవాడు స్విచ్చి దగ్గర ఉండలేడు. అక్కడ ఇంకొకడు కదలకుండా నిలబడాలి. డాక్టర్లనూ దానితోనే కొలిచాను.

మొదటి చోట చల్లటి గది, గోడ పొడుగునా చేపల తొట్టె. మత్తు ఎవరిస్తారు, అది దిగేదాకా ఊపిరి ఎవరు చూస్తారు అని అడిగాను. "అన్నీ నేనే చూసుకుంటానండీ, మీరు టెన్షన్ పడకండి" అన్నాడు. పన్నూ ఊపిరీ ఒక్కడే చూస్తాడా? చేపలకో దండం పెట్టి వచ్చేశాను.

రెండో ఆయన బావగారు మాట్లాడిపెట్టిన స్నేహితుడు. మంచివాడే, టీ కూడా ఇప్పించాడు. మత్తుకు వేరే డాక్టరు వస్తాడట. మరి సూది పడేదాకా చేతులు ఎవరు పట్టుకుంటారంటే, "బలమైన మగాళ్లని ఇద్దర్ని తెచ్చుకోండి. పది నిమిషాలు అదిమిపెడితే చాలు, తర్వాత అతనికేం గుర్తుండదు" అన్నాడు. గుర్తుంటుందక్కా. అక్కడ చేయించను. మాట పోయిందని బావగారికి అనిపిస్తే నేనే వచ్చి ఆయన ముందు తలవంచుకుని నిలబడతాను. నిర్ణయం మాత్రం మారదు.

మూడోది ఆసుపత్రి వెనక వరండాలో రెండు గదులు. నేను అడిగేలోపే డాక్టరమ్మ నన్ను అడగడం మొదలుపెట్టింది. మూర్ఛ బిళ్లలు ఏవి, గురక పెడతాడా, గుండె ఎప్పుడైనా చూపించారా, ఏ చప్పుడుకి చెవులు మూసుకుంటాడు? రోజు పుస్తకం చేతికిస్తే అరగంట చదివింది. తీసేది ఒక పన్ను, పూడ్చేవి మూడట. అన్నీ ఒక్కసారే చేస్తుంది. మత్తు డాక్టరు వేరే. ఆయన పంటి వైపు చూడనే చూడడు, ఊపిరీ గుండే చూపించే తెర దగ్గరే ఉంటాడు. ఆ తెర, ఆక్సిజను, మెలకువ వచ్చేదాకా పడుకోబెట్టే మంచం, అన్నీ తిప్పి చూపించింది. చివరికి చేతుల సంగతి అడిగాను. "ఎవరూ పట్టుకోరండీ. ముందు తాగే మందు ఇస్తాం, అది మీవాళ్ల చేత్తోనే. ఒప్పుకోలేదా, ఆ రోజుకి పని లేదు. ఇంకోరోజు రండి. నేనూ ఎక్కడికీ పోను, పన్నూ ఎక్కడికీ పోదు" అంది.

మంగళవారం చంటిని ఊరికే చూపించడానికి తీసుకెళ్లాను. గుమ్మం దాటలేదు. ఆవిడే బయటికొచ్చి మెట్టు మీద వాడి పక్కన కూర్చుంది. శుక్రవారం చెప్పులతోనే కుర్చీ ఎక్కి, దాన్ని పైకీ కిందికీ ఆడించమని సైగ చేశాడు. "వాళ్లన్నలాగే లిఫ్టు పిచ్చి" అందావిడ. చాలా రోజులకు నవ్వాడు, ఒకవైపు మూతితోనే.

ఇరవయ్యో తేదీ గురువారం, ఉదయం తొమ్మిదింటికి. నువ్వు బుధవారానికల్లా రావాలి. మత్తు పట్టేదాకా ఇంటివాళ్లు ఒకరు పక్కన ఉండొచ్చట. ఆ ఒకరు నువ్వు. నేను గుమ్మం బయట ఉంటాను.

సంచిలో బిస్కెట్లు తేవద్దు. కడుపు ఖాళీగా ఉండాలి. తిన్నది మత్తులో పైకొస్తే ఊపిరికి అడ్డం పడుతుందట. నీ జాలి నాకు తెలుసు, ఒక్క ముక్క పెట్టావంటే ఆ రోజు పని ఆగిపోతుంది. ఇంకొకటి, వాడితో "ఏం కాదు, ఏం కాదు" అనకు. ఆ మాట వింటే వణికిపోతాడు. చేసేదేదో ఉన్నదున్నట్టు చెప్పు.

ఇట్లు,
నీ బెల్లంకొట్టిన రాయి

తా.క. సంతకం పెట్టాక కవరు అంటించలేకపోయాను. చంటికి తొమ్మిదేళ్లప్పుడు, నువ్వు పరీక్షలకని ఊరెళ్తే, అమ్మా నేనూ వాడికి పన్ను పీకించాం. వాణ్ణి కుర్చీకి అదిమిపట్టింది కాంపౌండరని నీకు చెప్పాను. ఇరవై ఏడేళ్లుగా ఆయన్ని తిడుతూనే ఉన్నావు. ఆ కాంపౌండరు ఆ రోజు పనికే రాలేదు. పట్టుకున్నది నేను. "ఏం కాదు, ఏం కాదు" అన్నదీ నేనే. నా మణికట్టు మీది మచ్చ లిఫ్టు తలుపు పడి అయిందన్నాను. అప్పుడే పనిలో చేరాను గనుక నువ్వు నమ్మావు. అది వాడి పళ్ల గుర్తు.

అందుకే పక్కన నువ్వుండాలన్నాను. ఇది చదివి నా ముఖం చూడబుద్ధి కాక నువ్వు రాకపోయినా గురువారం మారదు. అప్పుడు నేనే కూర్చుంటాను, చేతులు కట్టుకుని. కావాలనుకుంటే వాడే పట్టుకుంటాడు.