మూడో వరుసలోని దగ్గు

స్నూకర్ పోటీల కార్యదర్శి గారికి,

నన్ను హాలులోకి రానివ్వరాదన్న మీ ఉత్తర్వు రెండు నెలల క్రితం అందినది. నా మనవడి ప్రత్యర్థులు బల్లపైకి వంగినప్పుడే నాకు దగ్గు వస్తున్నదని ఆరోపించారు. నేను తర్కశాస్త్రంలో పట్టభద్రురాలిని. కాకి వాలినంత మాత్రాన తాటిపండు రాలదు.

పైగా నా దగ్గుకు పక్షపాతం లేదు. మీరు నన్ను ఆపకముందు జరిగిన సెమీఫైనల్లో మావాడు నల్లబంతి కొట్టబోతుండగానే దగ్గాను. బంతి పాకెట్ అంచున ఆగిపోయింది, వాడు ఓడాడు. "అమ్మమ్మా, నీకు దణ్ణం పెడతా, ఇకనుంచి ఇంట్లోనే దగ్గుకో!" అన్నాడు. ఆనాడు నేను కళ్లద్దాలు మరచి వచ్చాను. ఆటగాళ్లిద్దరికీ ఒకే రకం నల్లకోటు తొడిగించినది మీరు గనుక ఆ ఓటమికి బాధ్యత మీదే.

సీజన్ మొదట్లో వరుసగా గెలిచినవాడు, మీరు నన్ను ఆపినప్పటి నుండి ప్రతి పోటీలోనూ తొలి రౌండులోనే ఇంటిముఖం పడుతున్నాడు. వచ్చే వారం కూడా ఓడితే ప్రొఫెషనల్ జాబితాలో వాడి పేరే ఉండదు. దణ్ణం పెడతానన్న ఆ నోటితోనే నిన్న ఫోనులో, "మూడో వరుస ఖాళీగా కనిపిస్తే చెయ్యి ఆడట్లేదే, అమ్మమ్మా" అన్నాడు.

టీవీలో చూడమని సలహా ఇచ్చారు, మళ్లీ హాలులోకి రావాలంటే దగ్గకూడదని షరతు పెట్టారు. నా టికెట్ నేనే కొనుక్కునే మనిషిని, ఆ సలహా అక్కరలేదు. మీ షరతు మాత్రం శిరసావహిస్తాను. ఆట ముగిసేదాకా దగ్గుబిళ్ల చప్పరిస్తూ కూర్చుంటాను. అయితే బిళ్ల చుట్టిన కాగితం విప్పేటప్పుడు కాస్త గరగరలాడుతుంది, ముందే మనవి చేస్తున్నాను.

ఈసారి కళ్లద్దాలు పెట్టుకునే వస్తాను.

ఇట్లు,
మూడో వరుస ప్రేక్షకురాలు