నువ్వు తూచని తూటా

రామం,

నువ్వు పోయి నేటికి ఏడాది. పిస్కాటవే ఊళ్లో మీ ఇంటికి వెళ్లాను. ఇంట్లో నువ్వు నింపుకున్న తూటాలో మందు ఎక్కువై తుపాకీ నీ చేతిలోనే బద్దలైందని నేను పనిచేసే పేపరే రాసింది. నీ నోట్‌బుక్ మొత్తం చదివాను. తూటాలు నింపే మెషీన్‌లోంచి పడే మందు అన్నిసార్లూ ఒకేలా ఉండదని ప్రతి తూటా మందునీ త్రాసులో తూచి రాసుకున్నావు.

ఇవాళ మీ షూటింగ్ క్లబ్ ప్రసాద్ అక్కడికి వచ్చి నిజం చెప్పాడు.

"అన్నగారూ, ఆ రోజు రామం కాల్చిన తూటాల డబ్బా నేను నింపి ఇచ్చిందే. మెషీన్ హ్యాండిల్ తిప్పుతుంటే మధ్యలో ఫోనొచ్చింది. ఒకదాంట్లో మందు రెండుసార్లు పడుంటుంది. నేను తూచలేదు. వద్దంటే నేను బాధపడతానని తీసుకున్నాడు."

అతని మీదకంటే నీ మీదే నాకు కోపం. నీ చేతిని నువ్వే నమ్మనివాడివి, మొహమాటానికి ఇంకొకడి డబ్బా తీసుకున్నావు. తీసుకుని ఓ మూల పడేయొచ్చుగా. అతను ఎదురుగా నిలబడ్డాడని ఆ తూటాలే కాల్చావు.

మీ ఆవిడ సుజాత మా ఇద్దరికీ కాఫీ ఇచ్చి, "పోనీలెండి అన్నయ్యగారూ. పాపం, తనే వచ్చి చెప్పాడు. పేపర్లో వేయకండి" అంది.

పొరపాటు నీది కాదని, ఎవరిదో పేరుతో సహా రాస్తానని అతని ఎదుటే చెప్పాను. కాఫీ తాగకుండా లేచి వచ్చాను.