శుభలేఖల దుకాణంలో నా ట్రైనింగ్

అమ్మకు,

నీ పెద్ద బిడ్డ దండాలు పెట్టి రాస్తున్నది. ఒంట్లో నేను బాగానే ఉన్నాను. నువ్వూ నాన్నా చెల్లెలు జ్యోత్స్నా బాగున్నారని ముత్యాలు మామ చెప్పాడు. ఆయనతో పంపిన నీ చీటీ, సకినాలు రెండూ అందాయి. సకినాలు పక్కవాళ్లకు పెట్టకుండా తిన్నానని తిట్టకు. పెడదామనే డబ్బా తీశాను. నా గదిలో అక్కలందరూ గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు. ఒక అక్క పుస్తకంలోంచి తల ఎత్తకుండానే చప్పుడు చేయొద్దంది. సకినం చప్పుడు కాకుండా ఎలా కొరుకుతారో నాకు తెలియదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని నేనొక్కదాన్నే తిన్నాను. ఆ గదిలో ఫోన్ కూడా మాట్లాడనివ్వరు, అందుకే ఈ ఉత్తరం.

నువ్వడిగినవాటికి జవాబులు. హాస్టల్ నీళ్లు మంచివే. అశోక్ నగర్ నుంచి చిక్కడపల్లిలో దుకాణానికి నడిచే వెళ్లొచ్చు, బస్సు ఎక్కే పని లేదు. జడ నేనే వేసుకుంటున్నాను, వంకరగా వస్తోంది, చూసేవాళ్లు లేరు కాబట్టి ఫరవాలేదు. ఇక అసలు ప్రశ్న. జ్యోత్స్నను కూడా ఈ కంప్యూటర్ కోర్సులోనే చేర్చి, నాలాగే నెల రోజులు పట్నంలో ట్రైనింగుకు పంపమంటావా వద్దా, బడిలో సార్ అడుగుతున్నాడు, వెంటనే రాయి అన్నావు. దీనికి మాత్రం ఒక్క మాటలో జవాబు చెప్పలేనమ్మా.

మంచి ముందు చెబుతాను. బడిలో ఒక కంప్యూటర్‌కు ఏడుగురం. కీబోర్డు నా వంతుకు వచ్చేసరికి గంట కొట్టేవారు. ఇక్కడ శుభలేఖలు తయారుచేసే మాధురి అక్క ఒక పూట పక్కన కూర్చోబెట్టుకుని, కాగితం కొలతలు, అక్షరాల సైజులు, దేవుడి బొమ్మ ఎక్కడ పెట్టాలి, అన్నీ చూపించింది. ఆ ఒక్క పూటలో నేర్చుకున్నది బడిలో ఏడాదంతా నేర్చుకోలేదు. ముక్కూ మొహం తెలియని మనుషులతో భయపడకుండా మాట్లాడటం కూడా వచ్చింది. సుల్తాన్ బజార్‌కు ఒంటరిగా వెళ్లి కవర్లు తెచ్చాను తెలుసా!

కానీ ఆ ఒక్క పూట తప్ప మిగతా రోజులన్నీ కార్డుల అంచులకు పసుపు రాయడం, చాయ్ తేవడం, నిలబడటం. దుకాణం ఓనర్ ఉమాకాంత్ గారు నన్ను పేరు పెట్టి పిలవలేదు. 'ట్రైనింగ్ పిల్లా' అంటాడు. మధ్యాహ్నం వాళ్లంతా లోపల కలిసి తింటారు. నేను గల్లాపెట్టె దగ్గర కాపలా కూర్చుని తరవాత తినాలి. చేతులకు పసుపుండేది కదా, ఏం తిన్నా పసుపు వాసనే.

పోయిన వారం మాధురి అక్క సెలవు పెట్టింది. ఓనర్ నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. నా సంతోషం ఏమని చెప్పను! నారాయణగూడలో ఉండే కిషన్ రావు గారి మనవడి పెళ్లి కార్డు. ఇక్కడ ఎవరూ కార్డును మొదటి నుంచి చేయరు. పాతది ఒకటి తెరిచి, పేర్లు మార్చేస్తారు. నేనూ అలాగే మార్చాను. ఆ పాత కార్డులో తాత పోయాడు, నాయనమ్మ ఉంది. తాత పేరు ముందు కీర్తిశేషులు అని, నాయనమ్మ పేరు ముందు శ్రీమతి అని ఉన్నాయి. నేను పేర్లు మార్చాను కానీ వాటి ముందున్నవి మార్చలేదు. కిషన్ రావు గారు బతికే ఉన్నారు. పోయింది ఆయన భార్య సులోచనమ్మ.

ఓనర్ చూడలేదు. పెళ్లివాళ్ల ఫోన్‌కు పంపితే వాళ్లు వధూవరుల పేర్లు, ముహూర్తం చూసుకుని సరే అన్నారు. కార్డులన్నీ అచ్చయిపోయాయి.

తీసుకెళ్లడానికి కొడుకుతో కలిసి కిషన్ రావు గారే వచ్చారు. కార్డు చూసి కొడుకు అశుభమని దుకాణం అదిరేలా అరిచాడు. ఓనర్ వెంటనే నన్ను చూపించాడు. “ట్రైనింగ్ పిల్ల సార్. బడోళ్లు పంపుతరు, మాకు పరేషాన్” అని, నా వైపు తిరిగి “రేపటి సంది నువ్వు రావద్దు” అన్నాడు.

 కిషన్ రావు గారు ఒక్క మాట కూడా కోపంగా అనలేదు. కార్డును కళ్లకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశారు. “నన్ను సంపి మా సులోచనను బతికిచ్చినవ్ బిడ్డా. గిట్లనే అయితే మంచిగుంటుండె” అన్నారు. ఒక కార్డు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. నాకప్పుడు ఏడుపు ఆగలేదు. తిట్టినందుకు కాదు.

మర్నాడు దారిలో మాధురి అక్క కనబడి చెప్పింది, కార్డు ఎవరిదైనా మొదట ఇంట్లో పెద్దలందరూ ఉన్నారా అని నెమ్మదిగా అడగాలట, అడిగాకే పేర్లు ముట్టుకోవాలట. ఆ మాట నాకు మొదటి రోజు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు దాచిపెట్టింది చెబుతున్నాను. నాలుగు రోజులుగా నేను దుకాణానికి వెళ్లడం లేదు. హాస్టల్ ఆంటీకి తెలియదు, బడిలో సార్‌కు తెలియదు. రోజూ డబ్బా కట్టించుకుని బయలుదేరి, చిక్కడపల్లి లైబ్రరీలో సాయంత్రం దాకా కూర్చుంటున్నాను. ఈ ఉత్తరం కూడా అక్కడి నుంచే రాస్తున్నాను. చుట్టూ వందమంది చదువుకుంటున్నారు, నేనెవరో ఒక్కరికీ పట్టదు. ఓనర్ సంతకం లేకపోతే ట్రైనింగ్ మార్కులు రావు, మార్కులు రాకపోతే ఈ ఏడాది చదువు పోతుంది. అది తెలిసి కూడా దుకాణం ఉన్న ఆ గల్లీలోకి అడుగు పెట్టాలంటే కాళ్లు రావడం లేదు.

జ్యోత్స్నను పంపమ్మా. పంపొద్దని నేను చెప్పను, మాధురి అక్క పక్కన కంప్యూటర్ ముందు కూర్చున్న ఆ పూట లాంటిది దానికీ దొరకాలి. కానీ హాస్టల్లో దింపి వెనక్కి తిరగకు. దుకాణం లోపలికి వెళ్లి అడుగు. దీనికి పని నేర్పేది ఎవరు, చేసిన పని చూసేది ఎవరు, ఇది ఎవరితో కూర్చుని తింటుంది? నన్ను పంపేటప్పుడు సార్ అడగలేదు, మనమూ అడగలేదు.

నాన్నకు నువ్వే నెమ్మదిగా చెప్పు. సార్‌కు రేపు నేనే ఫోన్ చేసి అంతా చెబుతాను. ఆ తరవాత దుకాణానికి వెళ్లి, మిగిలిన రోజులు పని చేయనివ్వమని అడగాలి. అడగడం నాకు వచ్చు. నా తరఫున నువ్వేమీ మాట్లాడొద్దు, బతిమాలొద్దు. నేను అడిగేటప్పుడు నా పక్కన నిలబడు, చాలు. ఆదివారం రా అమ్మా.

ఇట్లు,
నీ పెద్ద బిడ్డ
సంధ్య