నేను పరిగెత్తలేదు, నడిచాను

జనవరి 16, 2006. సోమవారం. బతు బస్తీ.

ముందు ఒక మాట రాసి పెడుతున్నాను. 1999లో కాలేజీ స్పోర్ట్స్ డే నాడు పెన్షనర్ల నడక పోటీలో నేను పరిగెత్తలేదు. నడిచాను. మొదట వచ్చాను. జడ్జి ఈల ఊది, "గవరయ్య రెండు కాళ్లూ ఒకేసారి నేల విడిచాయి, పోటీ నుంచి అవుట్" అన్నాడు. రెండు కాళ్లూ నేల విడవడానికి నేనేమన్నా గద్దనా? కప్పు రెండో వాడికి ఇచ్చేశారు. ఎవడా రెండో వాడు? నారాయణమూర్తి. రిటైర్డ్ హెడ్ క్లర్కు, ఉండేది గోల్ ఘర్ పేటలో. నేను అదే కాలేజీలో ముప్పై ఏళ్లు గ్రౌండు పని చేసినవాడిని. నేను సున్నంతో గీసిన గీతల మీద నన్నే దొంగను చేశారు.

ఆ రోజు నుంచి బస్తీలో నా పేరు దౌడ్ తాత. రేషన్ షాపులో కూడా "దౌడ్ తాతా, లైన్లో నిలబడు" అంటారు.

తర్వాత ఐదేళ్లు అలిగి పోటీకి వెళ్లలేదు. నేను అలిగిన సంగతి ఎవరికీ తెలియలేదని మొన్ననే తెలిసింది. పోయినేడు పోటీయే లేదు. సునామీ వచ్చింది. గ్రౌండు నిండా ఇళ్లు కొట్టుకుపోయి వచ్చిన కార్ నికోబార్, కచ్చల్ దీవుల వాళ్ల టెంట్లు. ఇప్పుడు టెంట్లు లేచిపోయాయి. ఫిబ్రవరి 11న స్పోర్ట్స్ డే.

మా దీవి కాలేజీ సముద్రం అవతల మెయిన్‌ల్యాండ్‌లో ఒక పెద్ద సర్కారీ యూనివర్సిటీ కింద ఉంది. వాళ్లది ఒక ఆనవాయితీ. నడక పోటీలో గెలిచిన పెన్షనరు, మన టీము యూనివర్సిటీ ఆటలకు షిప్పు ఎక్కే రోజున రేవులో వార్ఫు మీద కెప్టెన్ చేతికి కాలేజీ జెండా ఇవ్వాలి. ఇన్నేళ్లూ మూర్తే ఇచ్చాడు. ఫోటోలు తీయించి గోడకు వరసగా తగిలించాడు.

ఈసారి కెప్టెన్ ఎవరు? మా లిఖిత! నా కొడుకు కూతురు! పదిహేను వందల మీటర్ల పరుగు!

వచ్చే ఏడు నుంచి పెన్షనర్ల పోటీ తీసేస్తున్నారట. అంటే ఇదే ఆఖరు. నా మనవరాలి చేతికి జెండా నేను ఇవ్వాలా, ఆ మూర్తి ఇవ్వాలా?

అందుకని రేపటి నుంచి:
రోజూ పొద్దున్నే ఇంటి నుంచి కాలేజీ గేటు దాకా నడక. రానూ పోనూ.
పూరీ బంద్. బీడీ బంద్. చాయ్‌లో చక్కెర బంద్.
మధ్యాహ్నం నిద్ర బంద్.
మూర్తి ఎదురుపడితే మాట బంద్.

కాసులమ్మకు చదివి వినిపించాను. "నోరు కూడా బంద్ సేస్తే బాగుణ్ణు" అంది. పెళ్లాం కదా. అంటుంది.

జనవరి 17. మంగళవారం.

నడిచాను! గేటు దాకా! వెనక్కి కూడా!

దారిలో నాలుగు కుక్కలున్నాయి. ఒక్కటీ మొరగలేదు. పరిగెత్తేవాడినే కుక్క తరుముతుంది. నేను నడుస్తున్నానని కుక్కలకు తెలుసు. ఆ జడ్జికే తెలియలేదు.

సాయంత్రం లిఖిత పెరట్లో నేర్పింది. "తాతా, ఘుట్నా సీధా. మోకాలు వంగకూడదు. ముందు మడమ పడాలి. ఒక కాలు ఎప్పుడూ నేల మీదే ఉండాలి, సమ్‌ఝే?"

"నాకే సెప్తావేటే? నువ్వు పుట్టక ముందు నుంచీ నడుస్తన్నాను."

"అట్లాంటి నడక కాదు తాతా. నడుము తిప్పాలి."

తిప్పాను. గోడ మీంచి పక్కింటి నూకరత్నం చూసింది. "దీదీ, మీ ఆయనకేమైనా అయిందా?" అని కాసులమ్మను అడిగింది.

"కాలేదు. అవుతాది" అంది ఇది.

నవ్వండి. చాంపియన్లను చూసి మొదట అందరూ నవ్వుతారు.

జనవరి 19. గురువారం.

నడక అయింది. తిరిగి వస్తుంటే మహాలక్ష్మమ్మ హోటల్ దగ్గర పూరీ వాసన. ఆగలేదు. ఆవిడే పిలిచింది. "ఏటి బాబాయ్, అలిగావా? మూడ్రోజులై రాలేదు."

ఏడాది క్రితం భూకంపానికి ఆవిడ హోటల్ గోడ పడిపోయింది. మళ్లీ కట్టుకుంది. అలాంటి మనిషిని బాధ పెట్టడం నా వల్ల కాదు.

నాలుగు పూరీలు. కూర కొద్దిగానే.

చాయ్‌లో చక్కెర ఆవిడే వేసింది. నేను అడగలేదు.

జనవరి 22. ఆదివారం.

ఈ రోజు బస్సు ఎక్కాను. దానికి కారణం ఉంది. మడమ మీద పొక్కు. కానీ బస్సులో కూర్చోలేదు. నిలబడే ఉన్నాను. నిలబడడం నడకలో సగం.

రెండో స్టాపులో ఎవరు ఎక్కారు? నారాయణమూర్తి! తెల్ల కాన్వాసు బూట్లు, నిక్కరు, మెడలో తువ్వాలు. కండక్టరు సీటు చూపిస్తే ఆయన కూడా కూర్చోలేదు. కడ్డీ పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు.

"ఏమయ్యా గవరయ్యా, ప్రాక్టీసా?"

మాట బంద్ అనుకున్నాను. కానీ జవాబు చెప్పకపోతే భయపడ్డాననుకుంటాడు.

"నేదండి. పింఛను పనుండి ఎల్తన్నాను. తమరు?"

"నాకూ బ్యాంకులో పనుంది."

ఆదివారం. ఇద్దరం కిటికీలోంచి బయటకు చూశాం. ఒకే స్టాపులో దిగాం. దిగాక ఆయన మోకాలు నిటారుగా పెట్టి అటు, నేను మోకాలు నిటారుగా పెట్టి ఇటు వెళ్లిపోయాం. మలుపు తిరిగేదాకా నేను మోకాలు వంచలేదు. ఆయన వంచాడో లేదో తెలియదు. వంచే ఉంటాడు.

జనవరి 26. గురువారం.

రిపబ్లిక్ డే. జెండా వందనం. జిలేబీ పంచారు. దేశం ఇచ్చిన జిలేబీ వద్దనేవాడు దేశద్రోహి.

రెండుసార్లు లైన్లో నిలబడ్డాను. రెండోసారి "దౌడ్ తాతా, మళ్లీనా?" అన్నారు. అందుకని మూడోసారి వెళ్లలేదు. అదీ నిగ్రహమంటే.

ఫిబ్రవరి 1. బుధవారం.

ఇంట్లో గొడవ. సునామీ తర్వాత కాసులమ్మ గుమ్మం పక్కన ఒక సంచి కట్టి పెట్టింది. బస్తీలో ప్రతి ఇంట్లోనూ ఉంది అలాంటిది. భూమి ఊగితే పట్టుకుని పారిపోవడానికి. అందులో రేషన్ కార్డు, నా పింఛను పుస్తకం, టార్చి, నీళ్ల సీసా, ఆరు పొట్లాల గ్లూకోజు బిస్కెట్లు.

ఈ రోజు దులుపుదామని విప్పింది. పొట్లాలు ఆరూ ఉన్నాయి. బిస్కెట్లు లేవు.

"ఎవుడు తిన్నాడు?"

నేను టార్చి వెలుగుతుందో లేదో చూశాను.

"రేపు సముద్రం ఇంట్లోకొస్తే గుట్ట మీద పిల్లలకేటి పెడతావు? పొట్లం కాయితం పెడతావా?"

"పూరీ మానేస్తే నీరసమొస్తాది కదే. అందుకని..."

"పూరీ ఎప్పుడు మానేసావు? మాలచ్చమ్మ నిన్న సెప్పింది. రోజూ నాలుగట!"

అబద్ధం. నిన్న మూడే.

కొత్త బిస్కెట్లు కొని, సంచి నోటికి తాళ్లతో ముడి వేసింది. నేను విప్పలేని ముడి. ఈ ఇంట్లో క్రీడాకారుడికి విలువ లేదు.

ఫిబ్రవరి 7. మంగళవారం.

వారం నుంచి నడవలేదు. వర్షం అని రాద్దామనుకున్నాను. వర్షం పడలేదు. కాబట్టి నిజమే రాస్తాను. శక్తి దాచుకుంటున్నాను. పోటీకి ముందు పెద్ద పెద్ద ఆటగాళ్లంతా దాచుకుంటారు.

"ఏడేళ్లై దాస్తన్నావు. ఎక్కడెట్టావో గుర్తుందా?" అంది కాసులమ్మ.

బీడీ ఒకటే. సగం. మిగతా సగం మధ్యాహ్నం నిద్ర లేచాక.

ఫిబ్రవరి 10. శుక్రవారం.

లిఖిత వచ్చి నా పక్కన కూర్చుంది. "తాతా, సచ్ బోలో, నిజం చెప్పు. ప్రాక్టీసు మానేశావు కదా?"

"మానలేదు. ఆపాను."

"నువ్వు ఓడిపోతే మూర్తి అంకుల్ చేతుల మీదుగా తీసుకోవాలి. ఆయన స్పీచ్ ఇస్తాడు. పోయినసారి షిప్పు హారన్ కొట్టినా ఆపలేదట. సగం టీము పరిగెత్తి ఎక్కింది." తర్వాత మెల్లగా, "నాకు నువ్వే ఇస్తే బాగుంటుంది" అంది. అని లేచి వెళ్లిపోయింది.

రాత్రి అన్నం తక్కువ తిన్నాను. ఇది అబద్ధం కాదు.

ఫిబ్రవరి 11. శనివారం. సాయంత్రం.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పోటీలో ఐదుగురం. గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు. జడ్జి ఆటల మాస్టరు ప్రవీణ్‌కుమార్. ఈల నోట్లో పెట్టుకుని, మా కాళ్లు చూస్తూ మా ముందు వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. కాసులమ్మ షామియానా కింద కుర్చీలో.

మొదటి రౌండులో మూర్తి ముందు. నేను నాలుగు. ఐదో ఆయన బూటు లేసు కట్టుకుంటున్నాడు.

రెండో రౌండు, ఆఖరి మలుపు. మైకు స్తంభం ఊగింది. నాకే కళ్లు తిరుగుతున్నాయనుకున్నాను. కాకులన్నీ ఒక్కసారి లేచాయి. భూకంపం, నీళ్లొస్తాయి, పారిపొండని ఎవరో హిందీలో అరిచారు: "జల్జలా! పానీ ఆయేగా! భాగో!"

అంతే. షామియానా ఖాళీ. గుట్ట దారి గేటు వైపు. గెలుపు రిబ్బను కూడా గేటు వైపే కట్టారు. ప్రవీణ్‌కుమార్ వెనక్కి తిరిగి ఒకటే పరుగు. రిబ్బను ఆయన ఛాతీకే తెగింది. ఆయన వెనక నేను. మిగతా ముగ్గురు నా వెనక. వాళ్లలో మూర్తి లేడు. ఎక్కడున్నాడు? మలుపు దగ్గరే సున్నం గీత మీద బోర్లా పడుకుని, రెండు చేతులతో గడ్డి పట్టుకుని ఉన్నాడు.

గుట్ట మీద అరగంట నిలబడ్డాం. నీళ్లు రాలేదు. చిన్న భూకంపమేనని రేడియోలో చెప్పారు. జనం సిగ్గుపడుతూ, బట్టలు దులుపుకుంటూ దిగారు. కచ్చల్ నుంచి వచ్చిన ఒక ముసలావిడ మాత్రం దిగలేదు. సముద్రం వైపు చూస్తూ అక్కడే కూర్చుంది. ఆమెను దిగమని ఎవరూ అనలేదు.

దిగాక అసలు రగడ.

"మొదట ఎవరు?" అన్నాను.

"అంకుల్, మీరు పరిగెత్తారు" అన్నాడు ప్రవీణ్‌కుమార్.

"ఎవుడు సూసాడు? నువ్వు నా ముందు పరిగెడతన్నావు. నీకు ఈపులో కళ్లున్నాయా?"

జనం నవ్వారు. ఆయన ఈల జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు మూర్తి వచ్చాడు, చొక్కా నిండా సున్నంతో. "రూలేమిటి? నేలను వదలకూడదు. అందరూ వదిలారు. నేను ఒంటితో సహా నేలకు అంటుకునే ఉన్నాను. కాబట్టి నేనే విజేతను."

"పడుకున్నోడు నడిసినట్టా?"

"ఆగినవాడు ఓడినట్టని రూల్లో ఎక్కడుంది చూపించు!"

ప్రవీణ్‌కుమార్ తల పట్టుకున్నాడు. "ఫలితం ఆఫీసు చెబుతుంది. సబ్ ఘర్ జావ్" అని అందరినీ ఇళ్లకు పంపేశాడు.

ఇంటికొచ్చాక కాసులమ్మ గుమ్మం పక్క సంచి ముడి సరిచూసింది. అప్పుడు అడిగింది. "భూమి ఊగితే నన్ను ఒగ్గేసి పరిగెత్తావా?"

"పరిగెత్తనేదు. నడిసాను."

"నడిసావా! పెళ్లాం కుర్చీలో ఉండగా, నింపాదిగా, మోకాలు నిటారుగా పెట్టుకుని నడుసుకుంటా ఎల్లిపోనావా? మనవరాలు సెయ్యట్టుకుని లాక్కెళ్లింది గాబట్టి బతికాను!"

ఏం చెప్పాలి? పరిగెత్తానంటే జెండా పోతుంది. నడిచానంటే పెళ్లాం పోతుంది.

నడిచానన్నాను. అన్నం పెట్టలేదు.

ఫిబ్రవరి 13. సోమవారం.

ఆఫీసుకు వెళ్లాను. ఫలితం ఇంకా తేలలేదట. తేలకపోతే పాత విజేతే జెండా ఇస్తాడట. అంటే మూర్తి. షిప్పు గురువారం పొద్దున్న. ఇది కుట్ర కాక మరేమిటి?

అందుకని ఈ కింది అర్జీ. లిఖిత హిందీలో రాసి పెడతానంది. నా సంతకం నేనే పెడతాను.

ఆఫీసు వారికి, బతు బస్తీ గవరయ్య రాయించునది. నా కాలు నేలను వదలలేదు. ఆ రోజు నేలే నా కాలును వదిలింది. నేల వదిలితే తప్పు కాలిదా, నేలదా? మీ యూనివర్సిటీ రూల్లో దీనికి జవాబుంటే చూపించండి. లేకపోతే నేనే విజేతను. ఎందుకంటే రిబ్బను తెంచిన మీ జడ్జికి ఇంకా పింఛను వయసు రాలేదు. ఆయన వెనక వచ్చింది నేను. అది కూడా ఒప్పుకోకపోతే పోటీ మళ్లీ పెట్టండి. రేపైనా సరే, ఎల్లుండైనా సరే. మూర్తిగారు లేచి నిలబడితే చాలు.

నేను సిద్ధం. రేపు పొద్దున్నుంచి మళ్లీ నడక. గేటు దాకా, రానూ పోనూ. పూరీ బంద్. బీడీ బంద్. చక్కెర బంద్. బస్సు కూడా బంద్. ఈసారి కాసులమ్మను పక్కన పెట్టుకుని నడుస్తాను. ఒంటరిగా నడవనివ్వనని ఆవిడే అంది. మళ్లీ భూమి ఊగితే చెయ్యి పట్టుకోవాలట. పట్టుకుంటాను. పట్టుకుని పోటీలో నడవకూడదని రూలుంటే అది కూడా రాసి పంపండి.

జవాబు ఫిబ్రవరి 15, బుధవారం, ఆఫీసుకు తాళం పడేలోపు రావాలి. నోటి మాట పనికిరాదు. కాగితం మీద, స్టాంపు వేసి ఇవ్వాలి. గురువారం పొద్దున షిప్పు కదులుతుంది, నా మనవరాలు వార్ఫు మీద చెయ్యి చాపుతుంది. ఆ చేతిలో జెండా పెట్టేది ఎవరు? బుధవారంలోపు చెప్పండి.